నారాయణగూడ లివర్‌పూలోడు

నారాయణగూడ, చిక్కడపల్లి, అశోక్‌నగర్ గల్లీల్లో లివర్‌పూలోణ్ని పట్టుకోవడం తేలిక. ఛాంపియన్స్ లీగ్ మ్యాచ్ అయిన మర్నాడు పొద్దున్నే టీ కొట్టు దగ్గర ఎర్ర జెర్సీలో, నిద్ర లేని కళ్లతో నిలబడి, ‘రాత్రి మనం డిఫెన్స్‌లో దెబ్బతిన్నాం మామా’ అంటుంటాడు. ఆ ‘మనం’, అంటే ఇంగ్లండులోని లివర్‌పూల్ ఫుట్‌బాల్ క్లబ్బు, ఉండేది ఇక్కడికి దాదాపు ఎనిమిది వేల కిలోమీటర్ల అవతల.

వయసు నలభైకి దగ్గర. హైటెక్ సిటీలో ఉద్యోగం. బంతిని ఆఖరిసారి తన్నింది స్కూల్లో. ఇప్పుడు మెట్రో స్టేషన్ మెట్లెక్కితేనే మోకాలు పట్టేస్తుంది. దీక్ష పుచ్చుకున్న తేదీ మాత్రం అడక్కుండానే చెప్తాడు: 2005 మే 25. ఇస్తాంబుల్‌లో ఏసీ మిలాన్ చేతిలో హాఫ్‌టైమ్‌కి 0-3తో చిత్తయిన లివర్‌పూల్, 3-3కి లాక్కొచ్చి, పెనాల్టీల్లో కప్పు కొట్టిన రాత్రి. హాస్టల్ టీవీ గదిలో మిగతా అందరూ హాఫ్‌టైమ్‌కే వెళ్లి పడుకున్నారట, తానొక్కడే మేలుకున్నాడట. నగరంలో ప్రతి లివర్‌పూలోడూ ఇదే మాట చెప్తాడు. మరి పడుకున్నవాళ్లెవరో ఇంతవరకు తేలలేదు.

ఇలాంటివాడు ఏదో ఒక రోజు ఆన్‌ఫీల్డ్ వెళ్లి తీరాలి. 1884 నాటి స్టేడియం. మొదట్లో అక్కడ ఆడింది ఎవర్టన్. స్థల యజమానితో గొడవపడి వాళ్లు వెళ్లిపోతే, ఖాళీ మైదానాన్ని ఏం చేయాలో తోచక ఆయన 1892లో ఇంకో క్లబ్బు పెట్టాడు, అదే లివర్‌పూల్. ఇంటి ఓనరూ అద్దెకున్నవాళ్లూ తగువులాడుకుంటే ఇంత చరిత్ర పుడుతుందంటే అశోక్‌నగర్‌లో ఈపాటికి పది క్లబ్బులు ఉండాలి.

మనవాడు ఆన్‌ఫీల్డ్ ప్రయాణం అనగానే తల్లి ఒక్క ప్రశ్నే వేసింది. “ఏందిరా, గా బంతాట కోసం గంత దూరం పోవాల్నా? మన ఎల్బీ స్టేడియంల ఆడరా?” అతను నవ్వి ఊరుకున్నాడు. అమ్మలకు ఆఫ్‌సైడ్ రూలే చెప్పలేం, ఇదెక్కడ చెప్తాం!

అసలు కథ టికెట్ దగ్గర మొదలైంది. మనవాడు పుట్టి పెరిగింది ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ పక్కన. మొదటి రోజు మొదటి ఆటకి సుదర్శన్ థియేటర్ ముందో సంధ్య థియేటర్ ముందో జేబులో చెయ్యి పెట్టుకుని నిలబడ్డ మనిషి ముఖం చూసి, అతని దగ్గర ఎన్ని టికెట్లున్నాయో, ఎంతకి దిగుతాడో చెప్పగల విద్య అతనిది. ఆ విద్య ఇంగ్లండులో చెల్లలేదు. అక్కడ ఫుట్‌బాల్ టికెట్‌ను అనుమతి లేకుండా మరొకరికి అమ్మడం 1994 చట్టం ప్రకారం నేరం. (ఇక్కడ సినిమా టికెట్ బ్లాక్‌లో అమ్మడమూ నేరమే అనుకోండి.) క్లబ్బు సభ్యత్వం తీసుకోవాలి, లాటరీలో పేరు ఇవ్వాలి, రాకపోతే భోజనంతో కలిపి అమ్మే ఖరీదైన టికెట్ కొనాలి. ఆన్‌ఫీల్డ్‌లో దాదాపు 61,000 సీట్లున్నా మనవాడి పేరు లాటరీలో రాలేదు. భోజనం టికెట్టే కొన్నాడు. ఆ ధరెంతో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. భార్యకు తెలుసు.

తర్వాతి దెబ్బ క్యాలెండర్‌ది. ప్రీమియర్ లీగ్ షెడ్యూలు జూన్‌లో వస్తుంది. శనివారం మధ్యాహ్నం మూడింటికి అని చూసి మనవాడు విమానం, హోటలు, సెలవు అన్నీ ఖాయం చేసుకున్నాడు. కానీ టీవీ వాళ్లకి కావలసిన మ్యాచ్‌లు తర్వాత ఆదివారానికో సోమవారానికో జరుగుతాయి. ఇతని మ్యాచ్ సోమవారం రాత్రికి జరిగింది. తిరుగు విమానం సోమవారం మధ్యాహ్నం. టికెట్ మార్చడానికి పోసిన డబ్బుతో చిన్న టీవీ ఒకటి వచ్చేది. పైగా శనివారం మధ్యాహ్నం మూడింటికి మొదలయ్యే మ్యాచ్‌లను ఇంగ్లండులో టీవీలో చూపించరు, జనం మైదానాలకు రావడం మానేస్తారని. అవే మ్యాచ్‌లు చిక్కడపల్లిలో సోఫా మీద పడుకుని చూసేయొచ్చు. లివర్‌పూల్‌లో పుట్టినవాడికి లేని సౌకర్యం మనకుంది!

గేటు దగ్గర బ్యాగు ఆపారు. అక్కడి పెద్ద స్టేడియాల్లో సాధారణంగా ఏ4 కాగితం కంటే పెద్ద సంచి లోపలికి పోనివ్వరు. తల్లి కట్టిచ్చిన పులిహోరను అతను రోడ్డు పక్కనే నిలబడి, చలికి వేళ్లు కొంకర్లు పోతుండగా పూర్తి చేశాడు.

లోపల అతని సీటు కోప్ అనే స్టాండుకి ఎదురుగా పడింది. ఆ పేరు దక్షిణాఫ్రికాలోని స్పియన్ కోప్ అనే గుట్టది. 1900 జనవరిలో బోయర్ల యుద్ధంలో అక్కడ చాలామంది బ్రిటిష్ సైనికులు చనిపోయారు. క్షతగాత్రులను మోసుకెళ్లిన భారతీయ అంబులెన్స్ దళంలో గాంధీ ఉన్నాడు. అశోక్‌నగర్‌ను ఆనుకునే గాంధీనగర్ ఉన్నా, ఈ సంగతి మనవాడికి అక్కడి టూర్ గైడ్ చెప్తేగానీ తెలియలేదు.

కాశీ వెళ్లొచ్చినవాళ్లు ఇష్టమైనదొకటి వదిలేసి వస్తారు. మనవాడు మాంచెస్టర్ అభిమానులతో మాటలు వదిలేశాడు. మెడలో స్కార్ఫు మాత్రం మే నెలలోనూ తియ్యడు.

ఆ స్కార్ఫు చూసే ఓసారి ఇరానీ హోటల్లో ఒక రిటైర్డు పోలీసాయన పలకరించాడు. “రహీం సాబ్ పేరు విన్నావా బేటా?” “మైదాన్ సినిమా చూశానంకుల్, ఓటీటీలో.” పెద్దాయన చాయ్ పక్కకు జరిపి మొదలుపెట్టాడు. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన కోచ్‌గానే భారత్ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చింది. 1977లో ఈడెన్ గార్డెన్స్‌లో పీలే ఉన్న కాస్మోస్ జట్టు మీద మోహన్ బగాన్ కొట్టిన రెండు గోల్స్‌లో ఒకటి హైదరాబాదీ హబీబ్‌ది. మనవాడు అంతా విని, “వీడియో ఉందా అంకుల్?” అన్నాడు. పెద్దాయన బిల్లు కట్టేసి లేచాడు.

మీరూ ఆన్‌ఫీల్డ్ బయల్దేరే ఆలోచనలో ఉంటే, మ్యాచ్ ఏ రోజో టీవీ వాళ్లు తేల్చేదాకా విమానం టికెట్ కొనకండి. పులిహోర హోటల్ గదిలోనే తినేసి వెళ్లండి.