పులసగారి తనిఖీ

ధవళేశ్వరం దగ్గర గోదావరి 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక. 13.75కు రెండోది. 17.75కు మూడోది. మైకులు మోగుతాయి, లైఫ్ జాకెట్లు దిగుతాయి, మంత్రిగారు బ్యారేజీ మీద నిలబడి వరదను వేలితో చూపిస్తూ ఫొటో దిగుతారు. నీళ్లు ఎక్కువైతే ఇంత హడావిడి. మరి వేసవిలో 175 గేట్లూ బిగుసుకుని, దిగువన గౌతమీ వశిష్ఠల్లో ఇసుక తేలి, సముద్రపు ఉప్పునీరు పాయల్లోకి ఎగదన్నితే ఎన్నో నంబరు హెచ్చరిక? అలాంటిది లేదు. మనకు ముప్పొస్తే అది ప్రమాదం, నదికొస్తే నీటి యాజమాన్యం.

గేట్లు ఎత్తిన రోజున చూడాలి మన లెక్కల చురుకు. ఎన్ని లక్షల క్యూసెక్కులు సముద్రం పాలయ్యాయో మధ్యాహ్నానికల్లా టీవీలో పరుగెడుతుంది. ఆ నీరు పోతూపోతూ కోరింగ మడ అడవికి ఎంత తీపి పంచిందో, ఎన్ని రొయ్యపిల్లలను సాకిందో, తీరానికి ఎంత ఒండ్రు మోసిందో అడిగే నాథుడు లేడు. ఖర్చు రాసి రాబడి రాయని గుమస్తాను కిరాణా కొట్లో అయితే ఆ సాయంత్రమే ఇంటికి పంపేవాళ్లం.

ఆస్ట్రేలియా వాళ్లకు వేరే పని లేదు కాబోలు. ముర్రే-డార్లింగ్ బేసిన్‌లో పర్యావరణం కోసం నీటి హక్కులు కొనిపెట్టి, వాటిని చూసుకోవడానికి 2007 చట్టం కింద ఏకంగా ఓ అధికారినే వేశారు. నీళ్లు వదిలేసి చేతులు దులుపుకోకుండా, 2014 నుంచి ఏడు చోట్ల శాస్త్రవేత్తలను దించారు. చేప గుడ్లు పెట్టిందా, పిట్ట గూడు కట్టిందా, ఒడ్డున మొక్క లేచిందా అని ఏళ్ల తరబడి ఆరా తీయించారు.

మనమేం తక్కువ తినలేదు. ఎగువ గంగలో నవంబరు నుంచి మార్చి దాకా నెలవారీ సగటు ప్రవాహంలో 20 శాతం, వానాకాలంలో 30 శాతం పారాల్సిందేనని 2018లో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. కనిపెట్టుకుని ఉండే పని కేంద్ర జల సంఘానిది. కాకపోతే అందులో రాసిన హద్దులన్నీ నీటికే, చేపకు కాదు. ఆ నోటిఫికేషన్ కూడా గోదావరి దాకా రాలేదు. పుష్కరాలకు మునగడానికి నీళ్లుంటే చాలు కదా!

అలాగని మన దగ్గర తనిఖీ అధికారి లేరంటే కళ్లు పోతాయి. ఏటా ఎర్రనీరు రాగానే సముద్రంలో విలస చేప బయల్దేరుతుంది. తీపినీటి జాడ పట్టుకుని ఏటికి ఎదురీది, పులసగా మారి, నీళ్లున్నాయా, లోతుందా, దారుందా అని పాయ పొడవునా చూసుకుంటూ వస్తుంది. టీఏ, డీఏ అడగదు. జీపు అడగదు. ధవళేశ్వరం ఆనకట్ట అడ్డం పడితే కోర్టుకూ వెళ్లదు. వలలో అరుదైపోవడమే అది సమర్పించే నివేదిక. దాన్ని మనం చదివే తీరు వేరు. చేప తగ్గిందంటే రేటు పెరిగిందని అర్థం. పుస్తెలమ్మైనా పులస తినాలన్నారు కనుక వేలు పోసి పాడుకుంటాం. బెండకాయలు వేసి సన్నసెగ మీద పులుసు పెట్టి, మర్నాటికి రుచి ఊరేదాకా ఓపిగ్గా ఆగుతాం.

తనిఖీకి వచ్చిన అధికారిని పులుసు పెట్టుకు తినే శాఖ ప్రపంచంలో ఇంకోటి ఉందేమో, ఆస్ట్రేలియా వాళ్లనే అడగాలి.