ఐపీ పెట్టబోయే పెద్దమనుషులకు కొన్ని సలహాలు

అప్పులోళ్లు పొద్దున్నే వచ్చి మీ అరుగు మీదే పేపరు చదువుకుంటున్నారంటే ఐపీ పెట్టే సమయం వచ్చినట్టే. వికారాబాద్ కోర్టుకు బయల్దేరే ముందు ఇది చదవండి. లాయరును మాత్రం అడగొద్దు. ఆయన చట్టం చెబుతాడు, దాంతో హుషారు పోతుంది.

ముందు ఇల్లు బామ్మర్దికి దానంగా రాసివ్వండి. అలా ఊరికే రాసిచ్చాక రెండేళ్లలోపు పిటిషన్ పడి, కోర్టు మిమ్మల్ని దివాలాదారుగా తేలిస్తే, ఆ దానాన్ని రద్దు చేయవచ్చని 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం, 53వ సెక్షన్ అంటుంది. అననివ్వండి. తెల్లదొరలు ఆ చట్టం చేసేనాటికి తాండూరు నిజాం రాజ్యం, మనల్ని అడిగి చేశారా? 2016లో కొత్త దివాలా చట్టం వచ్చింది కదా అంటారేమో. అందులో వ్యక్తుల భాగం 2019 డిసెంబర్ నుంచి అమలైంది కంపెనీ అప్పులకు హామీ సంతకం పెట్టినవాళ్లకే. సొంత పేరున బండల వ్యాపారం చేసి మునిగినా, కందుల వ్యాపారం చేసి మునిగినా మనకు దిక్కు ఆ తెల్లదొరల చట్టమే.

మీరు వ్యవసాయం మీద బతికే రైతైతే, కాపురముంటున్న ఇల్లు సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం జప్తుకు రాదు. జప్తుకు రానిది ఐపీలోనూ పోదు. (బ్యాంకులో తాకట్టు పెట్టి ఉంటే వేరే కథ, ఐపీ పెట్టినా బ్యాంకు హక్కు బ్యాంకుదే.) అయినా సరే, రాసిచ్చేయండి. కోర్టు ముట్టని ఇంటిని బామ్మర్ది తిరిగి ఇస్తాడో లేదో చూడాలని ఊరంతటికీ ఉంటుంది.

ఇక అసలు కిటుకు. ఒంటికి కావాల్సిన బట్టలు, వంటగిన్నెలు, మంచాలు, పరుపులు, ఆచారం ప్రకారం ఆడమనిషి ఒంటి మీంచి తీయకూడని నగలు, చేతిపనివాడి పనిముట్లు, రైతుకు బతుకుతెరువుకు అవసరమని కోర్టు అనుకున్న ఎడ్లూ విత్తనాలూ, వీటి జోలికి రిసీవరు (దివాలాదారు ఆస్తిని చేతిలోకి తీసుకునే కోర్టు మనిషి) రాడు. అందుకే వీటిని ముందు మీరే అమ్మేయండి! పుస్తెలు అమ్మి ఒక నెల మిత్తి కట్టండి, ఎడ్లు అమ్మి ఇంకో నెల. ఎల్ఐసీ పాలసీ డబ్బు, పీఎఫ్, పీపీఎఫ్ కూడా జప్తుకు రానివే, అవి అక్కడ పడుండి ఏం లాభం? పాలసీ సరెండర్ చేసి, పీఎఫ్ తీసి చిట్టీ బాకీలో పోయండి. కారు మాత్రం అమ్మొద్దు. దాన్ని ఎలాగూ రిసీవరు తీసుకుపోతాడు కాబట్టి, అప్పటిదాకా పరువుంటుంది. మన జిల్లాలో చాలామంది ఎవరూ చెప్పకుండానే ఈ పద్ధతి పాటిస్తున్నారు, వాళ్లకు నేను కొత్తగా నేర్పేదేమీ లేదు.

వాదన కూడా నేర్చుకోవాలి. బండలు కొట్టే మనిషి సుత్తీ ఉలీ పోవు కదా, మీరు పాలిషింగ్ యూనిట్ ఓనరైతే ఆ మిషన్లన్నీ నా సుత్తీ ఉలీ అనండి. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, గోదాములో ఉన్న మూడొందల బస్తాలూ విత్తనాలే అనండి. జడ్జిగారికి నవ్వొస్తే అది మీ అదృష్టం.

లెక్కల పుస్తకాలు కాల్చేయండి. మామూలు జప్తులో వాటిని వదిలేస్తారు, ఐపీలో మాత్రం వదలరు. అప్పులోళ్లను మోసం చేయాలని కాల్చినట్టు తేలితే ఏడాది దాకా జైలు. అక్కడ మీ అరుగు ఉండదు, దాని మీద పేపరు చదివేవాళ్లూ ఉండరు.

మేనమామ బాకీ ఒక్కటీ గుట్టుగా తీర్చేయండి. ఒకరి మీద ప్రేమతో ఇచ్చి మిగతావాళ్లకు ఎగ్గొట్టారని, మూడు నెలల్లోపు పిటిషన్ పడితే, రిసీవరు ఆ డబ్బు కోసం మేనమామ ఇంటికే పోవచ్చు. దసరాకు ఆయన మీ ఇంటికి రాకపోతే ఒక ఖర్చు తగ్గినట్టు.

తర్వాత ఫోన్ ఆపి బీదర్‌లో చుట్టాలింట్లో దాక్కోండి. అప్పులోళ్లకు అందకుండా ఇల్లు విడిచిపోవడమే దివాలా చేష్ట అని చట్టంలో రాసుంది. దాన్ని పట్టుకుని మూడు నెలల్లోపు వాళ్లే మీ మీద పిటిషన్ వేయొచ్చు, లాయరు ఫీజు కూడా వాళ్లే కట్టుకుంటారు. మీకు జమానత్ ఉన్న దోస్తుకు చెప్పకుండా పోండి. ఐపీతో అతని జమానత్ తీరదు, ఆ సంగతి వాళ్లే అతనికి చెబుతారు.

చివరిగా, కోర్టు మిమ్మల్ని దివాలాదారుగా ప్రకటించిన రోజే అప్పులన్నీ తీరాయనుకుని స్వీట్లు పంచండి. డిశ్చార్జి కోసం వేరే దరఖాస్తు పెట్టాలి, అది వచ్చేదాకా చేతికొచ్చిన ఆస్తి కూడా రిసీవరుకే చేరుతుంది, డిశ్చార్జి వచ్చినా సర్కారు బాకీలూ మోసం చేసి తెచ్చిన అప్పులూ పోవు అని ఎవరైనా చెబితే, మీ మీద కుళ్లు అనుకోండి. కోర్టు ఇచ్చిన గడువులో దరఖాస్తు పెట్టకుండా హాయిగా నిద్రపోండి. అప్పుడు ఐపీనే రద్దవుతుంది, అప్పులోళ్లంతా మళ్లీ మీవాళ్లే.