హారతిచ్చి తోలుకొచ్చే రోగం

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల చుట్టుపక్కల డెయిరీ పెట్టినవాళ్లు కాపలాకు ఏ లోటూ చేయరు. గేటుకు బూడిద గుమ్మడికాయ, పక్కన నిమ్మకాయా పచ్చిమిరపకాయలూ గుచ్చిన దండ, కొట్టం దూలానికి నాలుక చాపిన రాక్షసుడి బొమ్మ, ఎక్కువ పాలిచ్చే ఎనుము మెడలో నల్లతాడు. కాస్త చదువుకున్న యజమాని అయితే గేటు ముందు సున్నం గీత గీయిస్తాడు, ‘అనుమతి లేనిదే లోనికి రాకూడదు’ అని బోర్డు రాయిస్తాడు, కాళ్లు ముంచుకోవడానికి సిమెంటు తొట్టి కట్టిస్తాడు. తొట్టిలో మందునీళ్లు ప్రారంభోత్సవం నాడు పోసినవే. అవి ఆవిరైపోయాక అందులో కుక్క పడుకుంటుంది. ఇంత కట్టుదిట్టం ఉన్న చోటికి సంత నుంచి టాటా ఏస్‌లో కొత్త ఆవు దిగుతుంది. దానికి పసుపు, కుంకుమ, కొబ్బరికాయ, హారతి. ఆ తర్వాత నేరుగా తీసుకుపోయి పాత ఆవుల వరసలో నడిమి గుంజకు కట్టేస్తారు. అదే గాడి, అదే కుడితి తొట్టి, పాలు పిండేది అవే చేతులు. పక్కనున్న గండికోట కూడా గోల్కొండ సేనాని మీర్ జుమ్లా చేతికి చిక్కింది గానీ, కోటను ఏలిన పెమ్మసానివారు ఆయనకు హారతి పట్టి లోపలికి పిలవలేదు.

వారం పది రోజులకు నాలుగు ఆవుల నోట చొంగ కారుతుంది, గిట్టల నడుమ పుండ్లు లేస్తాయి, మేత ముట్టవు. అప్పుడు ఇంటిల్లిపాదీ తేల్చే మాట ఒకటే: ఎవరిదో పాడుకన్ను. ఈ దిష్టి సిద్ధాంతంలో ఉన్న సుఖం ఏమిటంటే, తప్పు ఎప్పుడూ పొరుగువాడి కంట్లోనే ఉంటుంది, మన కొట్టంలో ఉండదు. కొన్న రోజున ఆవు నిగనిగలాడుతూ ఉంది కాబట్టి రోగం దాని వల్ల రాలేదని వాదిస్తారు. కానీ ఆ చొంగ, ఆ పుండ్లు గాలికుంటువి. దాని వైరస్ ఒంట్లో చేరాక రెండు రోజుల నుంచి రెండు వారాల దాకా పైకేమీ కనిపించకపోవచ్చు. పుండ్లు లేవకముందే చొంగలో, పాలలో, ఊపిరిలో వైరస్ బయటపడుతుంది. మానిపోయిన పశువు గొంతులో కూడా అది నెలల తరబడి దాగి ఉండగలదు. ముద్దచర్మ వ్యాధికైతే నాలుగు వారాల దాకా అనుమానించాలి. అంటే సంతలో మన కంటికి నచ్చిన ఆవు అబద్ధమేమీ ఆడలేదు, మనం చూసిన రోజు అలాంటిది.

సంతలో చూపు తక్కువ అనడానికీ లేదు. తోకకుచ్చు చూస్తారు, సుడులు లెక్కపెడతారు, దవడ పట్టి నోరు తెరిచి పళ్లను బట్టి ఈడు తేలుస్తారు. తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని బేరమాడతారు. పాల సంగతి నమ్మకం కుదరక రెండు పూటలు పిండి చూసుకుంటారు. ఇంత పరీక్ష పెట్టే మనిషి పోయిన ఈత సరిగా నిలిచిందా అని అడగడు. టీకా ఎప్పుడు వేయించారని అడగడు. చెవికి వేలాడే పసుపు బిళ్ల మీద పన్నెండు అంకెల సంఖ్య ఉంటుంది. పశువుకు వేసిన టీకాలు ఆ సంఖ్య మీదే నమోదు కావాలి. కానీ దాన్ని చదివే కళ్లు సంతలో లేవు, అవన్నీ సుడుల మీద ఉన్నాయి. నుదుటి సుడి యజమానికి అరిష్టమా కాదా అన్నదానికి ఉన్న శాస్త్రం, ఏడో నెలలో చూలు ఈసుకుపోయిన ఆవు పక్క ఆవులకు అరిష్టమా కాదా అన్నదానికి లేకపోయింది.

ఈసుకుపోయే రోగం, అంటే బ్రూసెల్లోసిస్, ఈ వ్యాపారానికి సరిగ్గా సరిపోయే జబ్బు. చూలు చివరి నెలల్లో పోతుంది, మాయ సరిగా పడదు, ఆ తర్వాత పశువు మామూలుగానే కనిపిస్తుంది. పడిన మాయలో, ఉమ్మనీటిలో సూక్ష్మజీవులు కిటకిటలాడుతుంటాయి. వట్టి చేత్తో మాయ లాగినవాడికీ, పచ్చిపాలు తాగినవాడికీ విడవకుండా వచ్చిపోయే జ్వరం, కీళ్లనొప్పులు. పాలు పెరుగుతాయని మాయను మూటగట్టి చెట్టుకు వేలాడదీసే ఆచారం, కుక్కలకు పారేసే అలవాటు కలిస్తే పంపిణీ ఇంకా బాగా జరుగుతుంది. ఆ ఆవును యజమాని ఏం చేస్తాడు? సంతకు తోలుతాడు. వచ్చిన డబ్బుతో అదే సంతలో ఇంకో ఆవును కొంటాడు. దాన్ని అమ్మినవాడు ఎందుకు అమ్ముతున్నాడో ఇతనికి తెలియదు, ఇతను ఎందుకు అమ్మాడో వాడికి తెలియదు. ఇద్దరూ ఎదుటివాణ్ణి ముంచామన్న సంతోషంతో ఇళ్లకు పోతారు. బండలాగుడు పోటీలకు పొరుగు జిల్లాల నుంచి వచ్చే ఎద్దుల దగ్గరా ఇదే తంతు: బరువు చూస్తారు, పళ్లు చూస్తారు, తాగే తొట్టి మాత్రం అందరికీ ఒకటే.

పెద్ద దేశాలు కూడా ఈ పాఠాన్ని సంతలోనే నేర్చుకున్నాయి. 2001లో బ్రిటన్‌లో గాలికుంటు బయటపడేనాటికే జబ్బు సోకిన గొర్రెలు హెక్సామ్, లాంగ్‌టౌన్ సంతల గుండా దేశమంతా చెల్లాచెదురయ్యాయి. చివరికి 60 లక్షలకు పైగా పశువులను చంపాల్సి వచ్చింది. 2024లో అమెరికాలో బర్డ్‌ఫ్లూ పాడి ఆవులకు సోకినప్పుడు, పాలిచ్చే ఆవును రాష్ట్రం దాటించాలంటే ముందు పరీక్ష చేయించాల్సిందేనని అక్కడి ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. 2025 జనవరిలో జర్మనీలో బెర్లిన్ పక్కనున్న ఒక మందలో ఎనుములకు గాలికుంటు వచ్చింది. 1988 తర్వాత అక్కడ అదే మొదటిసారి, వెంటనే పశువుల రాకపోకలు ఆపేశారు. అంత దూరం వద్దనుకుంటే మనదే ఉంది: ఊళ్లకు ఊళ్ల గొడ్లను ఊడ్చేసిన పెద్దరోగం (రిండర్‌పెస్ట్) 2011లో ప్రపంచం నుంచే పోయింది. టీకా, నిఘా, రాకపోకల అదుపు కలిసి దాన్ని తరిమాయి. గుమ్మడికాయలు అంతకు వందల ఏళ్ల ముందు నుంచీ వేలాడుతూనే ఉన్నాయి.

రెండు ఎనుములున్న పేదరైతు కొత్త గొడ్డుకు వేరే కొట్టం ఎక్కడ కట్టగలడని అడుగుతారు. న్యాయమైన మాటే, కానీ అడుగుతున్నది కొట్టం కాదు. కళ్లం దగ్గరో చేని గట్టునో ఒక వేపచెట్టు, ఒక పలుపు, వేరే బకెట్టు, నాలుగు వారాల ఓపిక. పాత గొడ్ల పని అంతా అయ్యాక దీని పాలు పిండడం, తర్వాత చేతులు కడుక్కోవడం. బూట్ల పేడ ముందు కడిగి, లీటరు నీటికి 40 గ్రాముల బట్టల సోడా కలిపి ముంచితే గాలికుంటు వైరస్‌కు అది చాలు. పేడ కడగకుండా ముంచితే మందు పేడకే ఖర్చవుతుంది. ఇంత చవకగా ఉండడమే దీని లోపమేమో, చవకైనది ఎవరూ నమ్మరు.

నాటు పసరానికి రోగం రాదన్నది ఇంకో మాట. గాలికుంటు సంకర జాతి ఆవులను కుంగదీసినంతగా నాటువాటిని కుంగదీయదు, అంతవరకు నిజం. 2022లో ముద్దచర్మ వ్యాధి రాజస్థాన్, గుజరాత్‌లలో చంపినవాటిలో దేశవాళీ ఆవులు లేవా? కుప్పలుగా ఉన్నాయి. పైగా తట్టుకున్న పశువు కూడా రోగం పంచగలదు. టీకా వేయిస్తే పాలు తగ్గుతాయంటారు. తగ్గుతాయి, ఒకటి రెండు రోజులు, కొద్దిగా. గాలికుంటు సోకిన సంకర ఆవు మానినా కొన్నిసార్లు ఎండకు రొప్పుతూ, బొచ్చు పెంచుకుని ఏ ఈతకూ మునుపటి పాలకు రాదు. కడప ఎండలో అలాంటి ఆవును సాకడమంటే ఏమిటో లెక్కలు వచ్చినవాళ్లకు చెప్పనక్కర్లేదు.

ఇక ప్రభుత్వం సంగతి. దాని దిష్టిబొమ్మలు కొంచెం పెద్దవి. పులివెందులలో రాజశేఖరరెడ్డి హయాంలో ఇందిరాగాంధీ పేరుతో మొదలై తర్వాత ఏపీ కార్ల్‌గా మారిన పశు పరిశోధన కేంద్రం ఉంది. ఆ భవనాలు ఏళ్ల తరబడి చేతినిండా పని లేకుండా నిలబడ్డాయి. ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉంది, పిల్లలు ఇవే రోగాల మీద పరీక్షలు రాస్తారు. 2019లో మథురలో మొదలైన జాతీయ పథకం గాలికుంటుకు ఆరు నెలలకోసారి, నాలుగు నుంచి ఎనిమిది నెలల పెయ్యలకు బ్రూసెల్లాకు ఒక్కసారి టీకా ఉచితమంది. 1962కు ఫోన్ చేస్తే వైద్యబండి రావాలి. 2009 నాటి చట్టం ప్రకారం అంటురోగం కనబడితే యజమాని చెప్పి తీరాలి, జబ్బు గొడ్డును విడిగా కట్టాలి, సంతకు తోలకూడదు. ఇన్ని ఉన్నా ఆవు టాటా ఏస్ ఎక్కేచోట వీటిలో ఒక్కటీ నిలబడి లేదు. నిజం చెప్పినవాడి గొడ్డుకు బేరం పోతుంది, దాచినవాడికి రొక్కం చేతిలో పడుతుంది. ఈ లెక్క మారనంతవరకు రైతును మాత్రమే తిట్టడం పిరికితనం. తలకింత అని రుసుము వసూలు చేసే సంత గుత్తేదారు, అదే రసీదు మీద చెవిబిళ్ల సంఖ్య, చివరి టీకా తేదీ రాయించడానికి కొత్త చట్టం అక్కర్లేదు, రెండు గీతలు అచ్చు వేయిస్తే చాలు. వెన్న శాతాన్ని దశాంశాల దాకా కొలిచే పాలకేంద్రం, నెలకోసారి ఆవుపాల క్యాన్లకు బ్రూసెల్లా రింగ్ పరీక్ష పెట్టించవచ్చు. పాలకు రెండు పూటలు ఆగే కొనుగోలుదారు, బేరంలో నాలుగోవంతు సొమ్మును నాలుగు వారాలు ఆపుకుని, గొడ్డు ఆరోగ్యంగా నిలబడితేనే ఇస్తానని తువ్వాలు కింద ఇంకో వేలు పట్టవచ్చు.