తిట్లు కంపెనీకి, తప్పు గోడది

నిజామాబాద్ జిల్లా రుద్రూర్‌లో ఇంటర్నెట్ మందగిస్తే ఎవరిని అనుమానించాలో ఊరందరికీ తెలుసు. మొదటి ముద్దాయి మబ్బు. మబ్బు లేకపోతే ఐపీఎల్. ఆ సీజన్ కూడా కాకపోతే పక్కింటి పిల్లగాడు. వాడు రాత్రంతా ఏదో డౌన్‌లోడ్ చేస్తుంటాడని వీధికి గట్టి నమ్మకం. పాపం, వాడింట్లో కనెక్షనే లేదు. వరికోతలప్పుడు ఒకసారి నేరం హార్వెస్టర్ మీదికి కూడా పోయింది. ఇవేవీ కుదరకపోతే 'సర్వర్ డౌన్' ఉండనే ఉంది. బ్యాంకులో, మీసేవలో, రేషన్ షాపులో విని విని అది మనకు తారకమంత్రమైపోయింది. ఆ సర్వర్ ఎవరో, ఏ ఊళ్లో ఉంటాడో చూసినవాడు లేడు. ఆయన పడుకున్నాడంటే మాత్రం కలెక్టరు వచ్చినా పని జరగదు.

ఇన్నేళ్లలో ఈ ముద్దాయిల జాబితాకు ఎక్కని పేరు ఒకటుంది. గోడ మీద మేకుల వరసలో, ఏటా దసరాకు వేసే సున్నం కింద, పాతికేళ్లుగా హాయిగా పడుకున్న టెలిఫోన్ వైరు.

మా వరుసకు కాక అయ్యే పెద్దమనిషి ఇంట్లో జరిగిన కథ ఇది. నిరుడు ఆయన ఇంటికి ఫైబర్ వచ్చింది. వంద ఎంబీపీఎస్ ప్లాను. ఒకప్పుడు టెలిఫోన్ కొలువుదీరిన ముక్కాలిపీట మీదే కంపెనీవాళ్లు తెల్ల డబ్బా పెట్టి పోయారు. మేడ మీద గదిలో ఇంకో రౌటర్. కొడుకు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, పండగలకు వచ్చినప్పుడు ఆ మేడగదే వాడికి ఆఫీసు. మీటింగ్‌లో మాట్లాడుతూ మాట్లాడుతూ, నోరు తెరిచినవాడు తెరిచినట్టే తెర మీద బిగుసుకుపోతాడు. అవతల బెంగళూరు మేనేజరు 'హలో, హలో' అంటుంటాడు. ఇవతల మనవాడు ఉపన్యాసం ముగించి మంచినీళ్లు కూడా తాగేసి ఉంటాడు.

స్పీడ్ టెస్ట్ పెడితే మేడగదిలో ఏడు వచ్చింది. డెబ్బై కాదు, ఏడే.

"వంద అన్నరు, ఏడొస్తున్నది. కడమ తొంభైమూడు యాడికి పాయె? రేషన్ బియ్యం లెక్క నడుమల ఎవడో గుంజుతున్నడు" అని కాక తీర్పు చెప్పాడు. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశాడు. ఆయన కాల్ తమకు ఎంతో ముఖ్యమని వాళ్లు వేణుగానం మధ్య చాలాసేపు చెప్పారు. ఆఖరికి ఒక అమ్మాయి లైన్లోకి వచ్చి, డబ్బా ఆపి, ముప్పై సెకన్లు ఆగి, మళ్లీ వేయమంది. కాక ఆపాడు, గడియారం చూసుకుంటూ నిలబడ్డాడు, వేశాడు. మళ్లీ ఏడు. మర్నాడు టెక్నీషియన్ వచ్చి ఫైబర్ కొసకు మీటరు పెట్టి చూసి, "మా దిక్కుకెళ్లి అంతా ఓకే పటేలా" అని చెప్పి బండెక్కాడు.

ఆ మాట నిజం. కాని నిజం అంత తొందరగా నమ్మేస్తే పెద్దరికం ఏముంటుంది? కాక పంతం పట్టి మూడు వందల ఎంబీపీఎస్ ప్లానుకు మారాడు. మేడ మీద ఏడుకు ఎనిమిదైనా కాలేదు.

ఇక్కడ వైరు జాతకం కొంచెం చెప్పాలి. కలకత్తా, బొంబాయి, మద్రాసులలో టెలిఫోన్ ఎక్స్ఛేంజీలు 1882 జనవరి 28న మొదలయ్యాయి. పల్లెకు ఫోను రావడానికి ఆ తర్వాత వందేళ్లు పట్టింది. ఆటంకాల్లో ఒకటి ఏసీ. విదేశీ ఎక్స్ఛేంజీ యంత్రాలు చల్లని గదిలో తప్ప పనిచేసేవి కావు, మన పల్లెల్లో అప్పుడు మనుషులకే ఫ్యాను దిక్కులేదు. 1984లో పుట్టిన సీ-డాట్ సంస్థ 128 లైన్ల చిన్న ఎక్స్ఛేంజీ తయారుచేసి, 1986లో కర్ణాటకలోని కిత్తూరులో పెట్టింది. దానికి ఏసీ అక్కర్లేదు, దుమ్మంటే భయం లేదు. ఊళ్లకు ఫోన్లు వచ్చిన దారి అది.

ఆ రోజుల్లో ఇంట్లో ఫోనుంటే ఒక ఇంటికి ఉన్నట్టు కాదు, వాడకట్టుకే ఉన్నట్టు. విజిటింగ్ కార్డుల మీద, పెళ్లి పత్రికల మీద 'పీపీ నంబరు' అని పక్కింటివాళ్ల నంబరు అచ్చేసుకునేవాళ్లు. మన నిజామాబాద్ జిల్లాలో గల్ఫ్‌కు మనిషిని పంపని వాడకట్టు అరుదు. దుబాయ్ నుంచి ఫోనొస్తుందని శుక్రవారం సాయంత్రానికల్లా కాక ఇంటి అరుగు నిండిపోయేది. తల్లులు, పెళ్లాలు, చంకన పిల్లలు. చిన్నమ్మ అందరికీ చాయ పోసేది, కాక డయలుకు తాళం వేసేవాడు. వచ్చే ఫోనుకు చార్జీ లేదు, పోయేదానికి ఉంది కదా!

హోదా పెరిగింది కాబట్టి వైర్లూ పెరిగాయి. ముందుగదిలో ఒక ఫోను, పడకగదిలో ఒకటి, మేడ మీద ఒకటి, అల్లుడొస్తే మాట్లాడటానికి వెనక వరండాలో ఒకటి. లైను ఒక్కటే, కొసలు నాలుగు. జాయింట్ ఎక్కడ వేయాలనిపిస్తే అక్కడ వైరు పైతోలు పళ్లతో గీకి, రాగి తీగలు మెలేసి, నల్ల టేపు చుట్టారు. పళ్లతో అన్నది ఊరికే అన్నమాట కాదు, ఆ కాలంలో చాలామంది దగ్గర ఉన్న పనిముట్టు అదే.

అయినా అప్పుడు అందులో తప్పులేదు. టెలిఫోన్ తీగ మోయాల్సింది మనిషి గొంతు, అంటే 300 నుంచి 3400 హెర్ట్జ్‌లలోపు ధ్వని. అవతల మాట్లాడేది కొడుకా, అప్పులవాడా అని గుర్తుపడితే చాలు. తుప్పు జాయింట్ల మీదుగా కూడా దుబాయ్ ఏడుపు రుద్రూర్‌కు స్పష్టంగానే వినిపించింది.

అసలు తిప్పలు 2005 జనవరిలో మొదలయ్యాయి. బీఎస్ఎన్ఎల్ 'డేటావన్' పేరుతో అవే టెలిఫోన్ తీగల మీద బ్రాడ్‌బ్యాండ్ ఇవ్వడం మొదలుపెట్టింది. మూడున్నర వేల హెర్ట్జ్ దాటి ఎరగని తీగ ఇప్పుడు లక్షల హెర్ట్జ్ దాకా మోయాలి. ఫోను గొంతు కింది అంతస్తులో, డేటా పై అంతస్తులో. రెండూ కొట్టుకోకుండా విడదీయడానికి స్ప్లిటర్ అనే చిన్న డబ్బా ఇచ్చేవారు. ఇంట్లో ఉన్న ప్రతి ఫోనుకూ వడపోత ఉండాలి. ఒక్కదానికి లేకపోయినా, ఆ ఫోను మోగినప్పుడల్లా నెట్ తెగుతుంది. ఆ డబ్బా పిల్లల ఆటలకు పోయిన ఇళ్లు ఎన్నో.

దానికంటే వింత, వాడని వైరు చేసే చెరుపు. వరండాలో ఫోను ఎప్పుడో తీసేస్తారు, వైరు మాత్రం గోడకు వేలాడుతూనే ఉంటుంది. వాడట్లేదు కదా, దానికేం నష్టం అనుకుంటాం. డేటా సంకేతం ఆ కొమ్మలోకి కూడా దూరి, కొస దాకా పోయి, అక్కడ ఎవరూ లేక వెనక్కి తిరిగొచ్చి, అసలు సంకేతాన్ని గుద్దుకుంటుంది. అతిథి పోయిన గది తలుపు తెరిచి పెట్టినా పర్వాలేదు, వైరు వదిలేస్తే మాత్రం ఊరుకోదు. ఇక జాయింట్లో చిలుము పట్టిందా, వానాకాలం తడి తగిలిందా, మోడెం దీపం రాత్రంతా కన్నుకొడుతూనే ఉంటుంది.

ఇళ్లలోని ఇలాంటి దొంగలు మనకే పరిమితం కాదు. బ్రిటన్‌లోని వేల్స్‌లో అబెర్‌హోసన్ అనే పల్లెటూళ్లో ఏడాదిన్నర పాటు రోజూ పొద్దున్నే ఏడింటికి ఊరంతా బ్రాడ్‌బ్యాండ్ పోయేది. కేబుళ్లు మార్చారు, పోలేదు. చివరికి ఇంజనీర్లు యంత్రం పట్టుకుని వీధులు తిరిగితే, ఒక ఇంట్లో పాత టీవీ దొరికింది. ఆ ఇంటివాళ్లు ఏడింటికి టీవీ వేసేవాళ్లు. అది వెదజల్లే విద్యుత్ రొద ఊరి రాగి లైన్లన్నిటినీ పడగొట్టేది. 2020 సెప్టెంబరులో ఈ సంగతి ప్రపంచమంతా చదివింది. ఇంటివాళ్లు సిగ్గుపడి ఆ టీవీ మళ్లీ వేయలేదట. మన దగ్గరైతే 'మా టీవీనే దొరికిందా మీకు' అని పంచాయితీ అయ్యేది.

కాక ఇంటికి ఇప్పుడొచ్చింది ఫైబర్, రాగితో దానికేం పని అని మీకు అనుమానం రావచ్చు. నాకూ వచ్చింది. తీర్చినవాడు పాలిటెక్నిక్ చదివే కాక మేనల్లుడు. వాడు ఎవరితో ఒక్క మాట అనకుండా ల్యాప్‌టాప్ మేడ మీద నుంచి కిందికి తెచ్చి, తెల్ల డబ్బాలోనే నేరుగా వైరు గుచ్చి టెస్ట్ పెట్టాడు. రెండు వందల ఎనభై పైన వచ్చింది. మళ్లీ మేడెక్కి పెట్టాడు. ఏడు.

"మామా, దొంగ మెట్ల నడుమ ఉన్నడు" అన్నాడు.

ఫైబర్ పెట్టిన రోజు మేడ మీదికి వైరు లాగాలంటే గోడకు బొక్క కొట్టాలి, కొత్తగా వేసిన రంగు పాడవుతుంది. ఎలక్ట్రీషియన్ తెలివైనవాడు. "పాత ఫోన్ వైరు పైకి పోయే ఉన్నది గద పటేలా, మళ్ల గోడ కొట్టుడెందుకు?" అన్నాడు. దాని రెండు కొసలకు ల్యాన్ పిన్నులు బిగించాడు. మేడ మీద రౌటర్‌లో పచ్చదీపం వెలిగింది. దీపం వెలిగిందంటే మన దేశంలో పని అయిపోయినట్టే.

మేనల్లుడు మేడ మెట్ల మలుపులో ఉన్న పాత టెలిఫోన్ డబ్బా మూత విప్పాడు. లోపల బల్లిగుడ్ల పెంకులు, జిగటగా కారిన నల్ల టేపు, పచ్చగా చిలుము పట్టిన మరలు. నాలుగు తీగలు: ఎరుపు, ఆకుపచ్చ, పసుపు, నలుపు. అక్కడి నుంచి వరండా వైపు పోయే కొమ్మ ఇంకా అలాగే తగిలించి ఉంది. పదేళ్ల కింద ఫోను కనెక్షన్ పీకేసినా, ఈ సంసారం మాత్రం చెక్కుచెదరలేదు.

ల్యాన్ కేబుల్‌లో ఎనిమిది తీగలుంటాయి, రెండేసి కలిపి నాలుగు జంటలు. ప్రతి జంటా మెలిపెట్టి ఉంటుంది. ఆ మెలిక అందానికి కాదు. బయటి రొద రెండు తీగల మీదా సమానంగా పడి, అవతలి కొసలో ఒకదాన్నొకటి కొట్టేసుకోవాలని. వంద ఎంబీపీఎస్‌కు రెండు జంటలు చాలు, వెయ్యికి నాలుగూ కావాలి. కాక గోడలోని చప్పటి ఫోన్ వైరులో ఉన్నవే నాలుగు తీగలు, మెలిక అసలే లేదు. దాని మీద డేటా నడిపితే రెండు డబ్బాలూ రాజీపడి పది ఎంబీపీఎస్‌కు దిగొచ్చు. రాజీపడకపోతే ఇంకా అన్యాయం: దీపం వంద అనే చూపిస్తుంది, లోపల సగం డేటా దారిలో చెడిపోయి, పంపిందే మళ్లీ మళ్లీ పంపుతుంటుంది.

ఇంతకీ కాకకు జరిగింది చట్టప్రకారం అన్యాయం కూడా కాదు. 2004 బ్రాడ్‌బ్యాండ్ విధానంలో సర్కారు 256 కేబీపీఎస్ ఉంటే చాలు బ్రాడ్‌బ్యాండే అంది. 2013లో దాన్ని 512 చేసింది. 2023 జనవరిలో గట్టిగా ఊపిరి పీల్చుకుని 2 ఎంబీపీఎస్ అంది. ఆ లెక్కన మేడగదిలోని ఏడు, సర్కారు వారి బ్రాడ్‌బ్యాండ్‌కు మూడున్నర రెట్లు. కాక సంబరం చేసుకోవాలి.

రెండున్నర లక్షల పంచాయతీలకు ఫైబర్ వేస్తామని కేంద్రం 2011 అక్టోబరులో పూనుకుంది. 2015లో పథకానికి భారత్‌నెట్ అని పేరు మార్చింది. 2023 ఆగస్టులో మరో 1.39 లక్షల కోట్ల రూపాయలకు ఆమోదం ఇచ్చింది. తెలంగాణలో మిషన్ భగీరథ నీళ్ల పైపుల కోసం తవ్విన కందకాల్లోనే టీ-ఫైబర్ గొట్టాలు కూడా వేశారు. ఇన్ని కోట్లు, ఇన్ని కందకాలు దాటుకుని వెలుగు వేగంతో కాక గుమ్మం దాకా వచ్చిన ఇంటర్నెట్, అక్కడి నుంచి పదిహేను మీటర్లు మాత్రం పాత ఫోన్ వైరు మీద పాకింది.

దీన్ని చూడగానే కనిపెట్టగలిగినవాళ్లు ఒకప్పుడు ఊళ్లలో ఉండేవాళ్లు. సైకిల్ మీద నిచ్చెన, భుజాన టెస్ట్ ఫోను వేసుకుని తిరిగే లైన్‌మెన్లు. ఏ ఇంట్లో ఏ గోడలో జాయింట్ ఉందో వాళ్లకు నోటికొచ్చు. 2020 జనవరి 31న ఒక్క రోజే బీఎస్ఎన్ఎల్ నుంచి 78 వేల మందికి పైగా స్వచ్ఛంద విరమణ మీద ఇంటికి పోయారు. వాళ్లతోపాటు మన గోడల పటం కూడా పోయింది. దానికి రికార్డు ఏ ఆఫీసులోనూ లేదు. ఇది మాత్రం నేను వెటకారంగా అనడం లేదు.

కాక ఇంట్లో కొత్త ల్యాన్ కేబుల్ వేశారు. గోడ కొట్టలేదు, మెట్ల పక్క నుంచి ప్లాస్టిక్ పట్టీలో పైకి తెచ్చారు. ఖర్చు ఆ మూడు వందల ప్లాను ఒక నెల బిల్లు కన్నా తక్కువే అయింది. మేడ మీదా ఇప్పుడు రెండు వందల డెబ్బై పైనే వస్తోంది. పాత వైరు పీకి పారేద్దామంటే మాత్రం చిన్నమ్మ అడ్డుపడింది. బట్టలారేసుకోవడానికి పనికొస్తుందట. డేటాకంటే ఆ పనికే అది నయం.

అందుకని పాఠకులకు ఒక మనవి. నెట్ నెమ్మదిస్తే కంపెనీ నంబరు నొక్కే ముందు ల్యాప్‌టాప్ పట్టుకుని డబ్బా దగ్గరికి నడవండి. మధ్యలో ఏదీ లేకుండా నేరుగా ఒక మంచి ల్యాన్ వైరు గుచ్చి చూడండి. పాత రాగి లైనే అయితే మిగతా ఫోన్లన్నీ పీకేసి, లైను ఇంట్లోకి వచ్చే మొదటి పాయింట్‌కే మోడెం తగిలించి చూడండి. అక్కడ వేగం బాగుంటే దోషి మీ గోడలో ఉన్నాడు, ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. అక్కడ కూడా ఏడే వస్తే, అప్పుడు కంపెనీకి ఫోన్ చేసి కడుపారా తిట్టండి. కావాలంటే నేనూ గొంతు కలుపుతాను.