కోడు సారు

మిర్యాలగూడలో రైస్ మిల్లు పెట్టినవాళ్లు కరెంటాయన నుంచైనా తప్పించుకోగలరు గానీ కోడు సారు నుంచి తప్పించుకోలేరు. పదేళ్లు సౌదీలో పైపులైన్ల మీద వెల్డింగు చేసొచ్చినవాడు. తోటివాళ్లు బంగారం తెచ్చుకుంటే ఈయన బి31.3 తెచ్చుకున్నాడు. అమెరికా మెకానికల్ ఇంజినీర్ల సంఘం ఫ్యాక్టరీ పైపులకు రాసిన కోడు అది. పుస్తకం ఆయన చేతిలో చూసినవాళ్లు మాత్రం లేరు.

ఆయనకు లోకమంతా వెల్డింగు జాయింటే. పెళ్లి సంబంధం చూసొచ్చి, "పైన పూస సక్కగనే ఉంది, లోపట రూట్ దిగలే" అంటాడు. ఇంట్లో సర్వపిండి తింటూ, "బొక్కలు దీనికుండాలె, జాయింటుకు కాదు" అంటాడు.

మొన్న ఒక మిల్లులో బియ్యం ఏరే సార్టెక్స్ మెషీను దించారు. కెమెరా నల్లగింజను పట్టిస్తే గాలి దాన్ని పక్కకు ఊదేస్తుంది. గాలి లేకుంటే అది ఉత్త డబ్బా. కంప్రెసర్ నుంచి 7 బార్ల లైను వేయాలి. మిల్లు సేటు బోరుకు వేయగా మిగిలిన పీవీసీ పైపులు చూపించాడు.

"సేటూ, నీళ్ల పైపు పలిగితే తడుస్తవు. గాలి పైపు పలిగితే నీ ఫోటోకు దండ పడ్తది."

ఎగతాళి కాదిది. అదిమిన గాలి స్ప్రింగు లాంటిది, పీవీసీ పగిలితే ముక్కలు కత్తుల్లా లేస్తాయి.

ఇనుప పైపులొచ్చాయి. 7018 వెల్డింగు రాడ్లకు చెమ్మ పడదు కాబట్టి వాటిని బాలింత గదిలో పసిగుడ్డులా వెచ్చగా దాచాడు. అక్కడితో ఆగితే బాగుండేది. జాయింట్లకు ఎక్స్‌రే తీయాలన్నాడు.

"మా అమ్మ తుంటి ఇరిగితేనే రెండు దినాలు ఆలోచించిన!" అన్నాడు సేటు.

మెకానికల్ చదివిన సేటు కొడుకు ఫోన్లో కోడు తెరిచాడు. "అంకుల్, మంట, విషం లేకుండా, 150 పీఎస్ఐ, 186 డిగ్రీలు దాటకుంటే కేటగిరీ డి కింద పెట్టుకోవచ్చంట. కండ్లతోని చూస్తే సాలు. మన 7 బార్లంటే నూరే గద."

కోడు సారు ఆ ఫోన్‌ను దూరం పెట్టి చదివాడు, దగ్గర పెట్టి చదివాడు.

"రాసినోడు మన వెల్డర్లను జూసి రాయలే బిడ్డా!"

చివరికి సబ్బునీళ్లతో రాజీ కుదిరింది. గాలి వదిలి ప్రతి జాయింటుకూ నురగ పూశాడు. వెల్డింగు దగ్గర ఒక్క బుడగ లేదు. మూడు చోట్ల లేచాయి, మూడూ మరలు తిప్పి బిగించిన చోట్లే.

బిల్లులో చివరి పద్దు: సర్ఫు పాకెట్టు, పది రూపాయలు. సేటు బేరమాడకుండా ఇచ్చింది అదొక్కటే.