సర్వజనులకు సర్వాధికారాలు

యాంటీవైరస్ ఎక్కించబోతే "యాక్సెస్ డినైడ్" అని, అంటే ఈ పనికి అనుమతి లేదని, విండోస్ మొరాయించినప్పుడు ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం దాకా కంప్యూటర్లు బాగుచేసేచోట పాటించే చికిత్స ఒకటి శాస్త్రమంత గట్టిగా స్థిరపడిపోయింది. ముందుగా, యంత్రంలో అప్పటికే ఉన్న విండోస్ సొంత యాంటీవైరస్ డిఫెండర్‌ను నిద్రపుచ్చుతారు. 2007లో విస్టాతో వచ్చి, ముఖ్యమైన మార్పులకు ముందు యజమాని సమ్మతి అడిగే యూఏసీ అనే ఏర్పాటు నోరు మూయిస్తారు. అప్పటికీ లొంగకపోతే సి డ్రైవ్ మొత్తం మీద "ఎవ్రీవన్"కు "ఫుల్ కంట్రోల్" ప్రసాదించి, ఏ ఖాతా పేరున నడిచే ప్రోగ్రామైనా ఏ ఫైలునైనా చదివి, మార్చి, చెరపగలిగే రామరాజ్యాన్ని స్థాపిస్తారు. ఆపైన యాంటీవైరస్ నిరాటంకంగా ఎక్కుతుంది, బిల్లులోకీ ఎక్కుతుంది.

తూముకు కట్టే కొత్త వల సరిపోలేదని కొల్లేటి చేపల రైతు వల లేకుండానే చెరువుకు నీరు పెట్టడు. పెడితే కొరమీనులు జొరబడి చేపపిల్లలను మింగుతాయని అతనికి ఎవరూ చెప్పనక్కరలేదు. అదే రైతు మేత లెక్కలు దాచుకున్న కంప్యూటర్‌కు మాత్రం ఈ ఇంగితం వర్తించదని నిపుణులు తీర్మానించారు.

యాంటీవైరస్ విండోస్ అంతర్భాగంలో తన డ్రైవరును నిలపవలసి ఉంటుంది కనుక, సామాన్య ఖాతా నుంచి ఆ పని సాగదు. "రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్" ఎంచుకుంటే చాలాసార్లు అంతటితో సరిపోతుంది. గడువు తీరిన పాత యాంటీవైరస్ తన శకలాలకు తానే తాళం వేసుకుని కూర్చున్నప్పుడు, దాని తయారీదారే ఇచ్చే తొలగింపు ప్రోగ్రామును వాడాలి. మిగిలిన కారణం అన్నిటికన్నా ప్రమాదకరమైనది: లోపల చేరిన దొంగ ప్రోగ్రామే తలుపు మూసి ఉండవచ్చు. 2015లో బయటపడిన వాంటీరా అనే ఆడ్‌వేర్, అంటే ప్రకటనలు గుప్పించే ప్రోగ్రాము, యాంటీవైరస్ కంపెనీల డిజిటల్ సర్టిఫికెట్లను విండోస్ నమ్మరాని జాబితాలో చేర్చగా, విండోస్ ఆ కంపెనీల ఇన్‌స్టాలర్లనే అడ్డగించింది. అటువంటి యంత్రంలో "ఎవ్రీవన్"కు ఇచ్చిన హక్కులు ముందుగా ఎవరికి దక్కుతాయో ఊహించడానికి పాండిత్యం అవసరం లేదు. యాంటీవైరస్‌ను ఆపితే తప్ప పనిచేయని యాక్టివేటరుతో దొంగ విండోస్‌ను నడిపి, దాని మీద డబ్బు పెట్టి కొన్న యాంటీవైరస్‌ను కాపలా పెట్టే సంప్రదాయం ఈ శాస్త్రానికి అనుబంధం.

మరొక యాంటీవైరస్ సక్రమంగా చేరితే డిఫెండర్ సాధారణంగా తనంతట తానే పక్కకు తప్పుకుంటుంది; దానిని ముందే పడుకోబెట్టవలసిన పని లేదు. కంప్యూటర్‌ను తిరిగి తెచ్చుకునేవారు డబ్బు చెల్లించే ముందు, యూఏసీని యథాస్థానంలో పెట్టించి, సి డ్రైవ్ మీద కొత్తగా ఇచ్చిన "ఎవ్రీవన్" హక్కులను దగ్గరుండి తీసివేయించుకోవాలి.