యాభై దాటిన సిస్టర్లకు తలకిందుల సలహాలు

నర్సుగా ముప్ఫై ఏళ్ళు చేశాను. చేరిన కొత్తలో పెద్ద సిస్టర్లు నేర్పిన పాఠాలు నాలుగు: కూర్చోకు, బరువుకు వెనకాడకు, లోపం బయటపెట్టకు, డ్యూటీకి కాదనకు. తు.చ. తప్పకుండా పాటించి నడుము పోగొట్టుకున్నాను. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వోద్యోగుల రిటైర్మెంటు వయసు 2014లో 58 నుంచి 60కి, 2022లో 62కి పెరిగింది. అన్నాళ్ళు వార్డులో నిలవాలంటే ఆ పాఠాలు తిరగెయ్యాలి.

1. కూర్చోండి. కేస్ షీట్లు రాసేటప్పుడు, మందులు సర్దేటప్పుడు స్టూలు లాక్కోండి. డ్యూటీ అంతా నిలబడే ఉంటే పిక్కల్లో నరాలు ఉబ్బుతాయి.

2. పేషెంటును ఎత్తకండి. నర్సు చేతులతో ఎత్తదగిన బరువు సుమారు 16 కిలోలేనని, అదీ పేషెంటు సహకరిస్తేనేనని, 2007లో అమెరికాలో థామస్ వాటర్స్ లెక్కగట్టాడు. అంటే అయిదేళ్ళ పిల్లాడంత. ఎం.ఎన్.ఓ. (మేల్ నర్సింగ్ ఆర్డర్లీ) వచ్చేదాకా ఆగండి. పేషెంటు కిందికి దుప్పటి తోసి, అటొకరు ఇటొకరు పట్టుకుని జరపండి.

3. చూపు ఆనడం లేదని పైకే చెప్పండి. చిలకలపూడిలో మా వీధిన గిల్టు నగలకు రాళ్ళు పొదిగే పెద్దాయన ఉన్నాడు. చూపు మందగించగానే టేబుల్ లైటు ముక్కు దగ్గరికి లాక్కున్నాడు. రాయి రంగు మీద అనుమానమొస్తే మనవణ్ణి పిలిచి అడుగుతాడు. ఆయన పనితనం తగ్గిందని ఎవరూ అనలేదు. మనమూ ఆంపూల్‌ను కిటికీ వెలుగులో పట్టుకుని, "అమ్మాయ్, ఇదోసారి చదువు" అని జూనియర్ చేత చదివించాలి. అందులో తలవంపు లేదు, అవతల ఉన్నది పేషెంటు ప్రాణం.

4. వరస నైట్ డ్యూటీలు కాదనండి. ముట్లుడిగే వయసులో ఒంట్లో ఆవిర్లకే నిద్ర చెడుతుంది. డ్యూటీ చార్టు వెయ్యకముందే కాగితం మీద రాసివ్వండి. తప్పని రాత్రి, తోటి సిస్టరుకు వార్డు అప్పజెప్పి ఇరవై నిమిషాలు నడుం వాల్చండి.

5. ఇది హెడ్ నర్సులకు. ఫిన్లాండ్‌లో ఇల్మారినెన్ బృందం 1981 నుంచి ఏళ్ళ తరబడి మున్సిపల్ ఉద్యోగులను గమనించింది. వయసు మీదపడ్డవాళ్ళ పనిశక్తి మెరుగుపడటానికి పైవాళ్ళ తీరు మారడం పెద్ద కారణమని తేల్చింది. కాబట్టి అమ్మా, వచ్చే నెల చార్టులో ముందు యాభై దాటినవాళ్ళ పేర్లు రాసుకోండి. వాళ్ళనడిగాకే నైట్లు పంచండి.